గండికోట చూచి వద్దాం, రండి!

బాలలూ!

అమెరికా దేశంలోని గ్రాండ్ కాన్యన్ బొమ్మను మీరు ఎప్పుడో ఒకప్పుడు చూచే వుంటారు. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది రాతినేలను కోసుకుంటూ పోయి, 446 కిలోమీటర్ల పొడుగున ఒక మహాలోయను చేసింది. కొన్నిచోట్ల దాని వెడల్పు 29 కిలోమీటర్లు. లోతు 1,800 మీటర్లకు పైమాటే. ఆ బొమ్మ చూచిన పిల్లవాడికి ఎవరికైనా, "అయ్యో, అక్కడికి పోగలిగితే ఎంత బాగుండును!" అనిపిస్తుంది.

నారాయణఖేడ్ నుంచి అరిజోనాకు పోవడం మనవంటివాళ్ళకు సులభం కాదు. అయితే నిట్టూర్చవలసిన పని లేదు. అటువంటి వింతే, కొంచెం చిన్నది, మన తెలుగునేల మీదనే వున్నది. అదే కడప జిల్లాలో, జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో వున్న గండికోట. అక్కడికి ఎట్లా పోవాలో, ఏమేమి చూడాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను. మీ అమ్మానాన్నలను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి. ఎందుకంటే, ప్రయాణానికి "సరే" అనవలసినవారు వాళ్ళే గదా!

గండి అంటే ఏమిటి?

చెరువు కట్ట తెగి నీళ్ళు బయటపడితే "చెరువుకు గండి పడింది" అంటాము. గండికోటలో కూడా అదే మాట. అక్కడ తెగినది మట్టికట్ట కాదు, ఎర్రమల కొండ! తెంచినది పెన్నానది. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణం చేసి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నది, దారిలో అడ్డువచ్చిన ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయింది. గండి లోతు సుమారు 300 అడుగులు. అంతస్తుకు పది అడుగుల చొప్పున లెక్కవేస్తే, ముప్ఫై అంతస్తుల మేడ ఆ గండిలో మునిగిపోతుందన్నమాట!

ఒకసారి మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "నీళ్ళు మెత్తనివి గదండీ, రాయిని ఎట్లా కోస్తాయి?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఒట్టి నీళ్ళు కొయ్యవు. నీళ్ళతోపాటు కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్ళు కోస్తాయి. వడ్రంగి ఆకురాయితో అరగదీసినట్లు, నది తన అడుగును ఇసుకతో అరగదీస్తుంది. నేల నెమ్మదిగా పైకి లేస్తున్నకొద్దీ నది ఇంకా లోతుకు కోసుకుపోతుంది. పైగా ఆ రాతిలో నిలువు పగుళ్ళు వుంటాయి. అడుగున ఆధారం అరిగిపోగానే, పై రాయి ఆ పగుళ్ళ వెంట పలకలు పలకలుగా విరిగి పడిపోతుంది. అందుచేతనే గండి గోడలు ఏటవాలుగా కాక, ఎవరో పేర్చిన గోడల మాదిరి నిట్టనిలువుగా వుంటాయి.

ఒక లెక్క చేయండి. 300 అడుగులంటే ఇంచుమించు 90 మీటర్లు, అనగా 90,000 మిల్లీమీటర్లు. నది ఏడాదికి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే కోస్తుందనుకుందాము. అది సన్నని తలవెంట్రుక మందం. అప్పుడు ఆ గండి తయారు కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది? 18 లక్షల ఏళ్ళు! ఇది ఊహకోసం వేసిన లెక్కే. కాని నది ఓర్పు ఎటువంటిదో దీనివల్ల తెలుస్తుంది.

దారి పొడుగునా పాఠమే

చాలామంది బస్సు ఎక్కగానే నిద్రపోతారు. గండికోట ప్రయాణంలో అట్లా నిద్రపోతే సగం వినోదం పోయినట్లే. ఎందుకంటే, ఆ దారిలో భూమి కథ వరుసగా కనిపిస్తుంది.

మొదటి పాఠం మన వూళ్ళోనే మొదలవుతుంది. నారాయణఖేడ్ చుట్టుపక్కల నల్లరేగడి చేలు వున్నాయి గదా! ఆ నల్లమట్టికి తల్లి నల్లరాయి. దానిని బసాల్టు అంటారు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం భూమి పగుళ్ళలోనుంచి కరిగిన రాయి పొంగి, దక్కను మీద పొరలు పొరలుగా పరుచుకుని చల్లారింది. ఆ రాయి ఎండకూ వానకూ కుళ్ళి మెత్తబడితే నల్లరేగడి అయింది. కొన్నిచోట్ల దాని పైభాగం మార్పుచెంది లాటరైటు అనే ఎర్రరాయి అయింది. మనకు దగ్గరలోనే వున్న బీదరు కోటను కట్టింది ఆ ఎర్రరాతితోనే.

సంగారెడ్డి దాటి హైదరాబాదు చేరేసరికి నల్లరాయి మాయమై, గ్రానైటు గుట్టలు వస్తాయి. ఒక బండమీద ఇంకొక బండ, దానిమీద ఇంకొకటి, ఎవరో ఆడుకుని వదిలేసినట్లు నిలబడి వుంటాయి. వీటిని ఎవరూ ఎత్తి పెట్టలేదు. నేల లోపల వుండగానే పగుళ్ళ వెంట నీరు దిగి, రాతి మూలలు అరిగి గుండ్రబడ్డాయి. పైమట్టి కొట్టుకుపోగానే ఆ గుండ్లు బయటపడ్డాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో వున్న పుట్టగొడుగు ఆకారపు రాయి ఇటువంటిదే. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఇటువంటి గుట్టలు ఎన్నో ఇళ్ళకోసం, రోడ్లకోసం కంకర అయిపోయాయి. ఒక పూటలో పగిలిన రాయిని మళ్ళీ ఎవరు చేయగలరు?

బీచుపల్లి దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటుతారు. కర్నూలు దాటిన తరువాత ఓర్వకల్లు దగ్గర, చెరువు చుట్టూ వింత ఆకారాల రాళ్ళున్న తోట వున్నది. అక్కడ కాసేపు ఆగండి. ఆపైన బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు పోతూవుంటే, పలకలుగా చీలే నాపరాయి కనిపిస్తుంది. అది సున్నపురాయి. ఒకప్పుడు అక్కడ లోతులేని సముద్రం వుండేది. దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి.

నేలకింద ఒక వూరు

ఆ సున్నపురాతిలోనే బేలం గుహలు వున్నాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, పైన చూస్తే మామూలు చేనులాగే వుంటుంది. దిగితే మాత్రం నేలకింద 3,229 మీటర్ల పొడుగున సందులూ గదులూ! అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు మనం నడిచి చూడవచ్చును. ఈ గుహలను గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వ్రాశాడు. 1982, 83 సంవత్సరాలలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ అనే జర్మను అన్వేషకుడు తన జట్టుతో వచ్చి లోపల కొలతలు తీశాడు. 2002లో గుహలు యాత్రికులకు తెరిచారు. అన్నిటికంటె లోతున వున్నచోటు పేరు పాతాళగంగ. అది ద్వారం మట్టానికి 46 మీటర్ల దిగువన వున్నది.

గండిని ఇసుక కోసింది. గుహను మాత్రం నీరు కరిగించింది. వాననీటిలో బొగ్గుపులుసు వాయువు కలిసి కొద్దిగా పులుపు వస్తుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. ఇది నిజమో కాదో మీ ఇంట్లోనే చూడండి. విరిగిన నాపరాతి ముక్కమీద నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నని బుడగలు వస్తాయి. కాసేపటికి అక్కడ నునుపు పోతుంది. అందుకే అమ్మ నాపరాతి గచ్చుమీద చింతపులుసు ఒలికితే వెంటనే తుడవమంటుంది!

కరిగిన సున్నం పైకప్పునుంచి చుక్క చుక్కగా కారుతూ, మర్రి ఊడలమాదిరి గడ్డకడుతుంది. అవి పెరగడానికి వేల ఏళ్ళు పడుతుంది. వాటిని తాకకండి. మన చేతి జిడ్డు అంటినచోట సున్నం సరిగా పేరుకోదు.

మూడు రోజుల ఏర్పాటు

ఇప్పుడు దూరాలు చూద్దాము. అన్నీ సుమారు లెక్కలే. నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు 110 కిలోమీటర్లు. అక్కడినుంచి కర్నూలు 215. కర్నూలు నుంచి బేలం 110. బేలం నుంచి గండికోట 60. మొత్తం 495. గంటకు 45 కిలోమీటర్ల చొప్పున పోతే పదకొండు గంటల దారి. ఒక్కరోజులో పోయి రాగలమని ఎవరైనా అంటే నమ్మకండి.

మొదటిరోజు తెల్లవారుజామున బయలుదేరి, సాయంత్రానికి ఓర్వకల్లు చూచుకుని, నంద్యాలలోనో బనగానపల్లెలోనో రాత్రి బస చేయండి. రెండవరోజు ఉదయం బేలం గుహలు చూచి, భోజనం చేసి, మూడు గంటలకల్లా గండికోట చేరండి. ఎండ వాలినప్పుడే ఎర్రని గోడలు ధగధగలాడతాయి. మూడవరోజు సూర్యోదయం చూచి, తొమ్మిదింటికల్లా తిరుగు ప్రయాణం కట్టండి. వెళ్ళడానికి నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మంచికాలం. వేసవిలో ఆ రాతిమీద కాలు పెట్టలేరు.

ఖర్చు గురించి పెద్దలకు ఒక మాట. పోనూ రానూ ఇంచుమించు 1,000 కిలోమీటర్లు. నలభైమంది పిల్లలు కలిసి పోతే, బస్సు అద్దెలో కిలోమీటరుకు ఒక్క రూపాయి తగ్గినా తలకు 25 రూపాయలు మిగులుతాయి. కనుక రెండుమూడు చోట్ల విచారించి మరీ మాట్లాడండి. డబ్బు కట్టలేని పిల్లవాడు తరగతిలో వుంటే, ఆ మిగులు అతనికోసం వాడండి. ఒక్కణ్ణి ఇంట్లో వదిలి మిగతావారు పోతే, ఆ బాధ వాడికి పెద్దయినా పోదు.

అంచు దగ్గర

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. గండికోటలో గండి అంచున అంతటా కంచె వుండదు. రాళ్ళు పలకలుగా వుండి, కొన్ని కదులుతాయి. గాలి హఠాత్తుగా విసురుతుంది. కనుక ఈ నియమాలు నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

అంచుకు పదడుగుల ఇవతలే ఆగాలి. ఇంకా దగ్గరగా చూడాలనిపిస్తే, కూర్చుని పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని చూడాలి. ఫోటోకోసం ఎవరూ వెనక్కు అడుగు వేయకూడదు. ఇద్దరిద్దరు జంటగా వుండి, ఒకరినొకరు కనిపెట్టుకోవాలి. బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టాలి. తలకు రెండు లీటర్ల నీళ్ళు, టోపీ లేక తువ్వాలు, పట్టు జారని చెప్పులు వుండాలి. గుహలో ఉక్కగా వుంటుంది. లోపలికి గాలి పంపే ఏర్పాటు వున్నా, ఉబ్బసం వున్న పిల్లలు ముందే చెప్పాలి.

నదిలోకి దిగకూడదు. పైన ఆకాశం నిర్మలంగా వున్నదిగదా అని మోసపోకండి. అరిజోనాలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకైన గండి వున్నది. 1997 ఆగస్టు 12న అక్కడ మైళ్ళకొద్దీ ఎగువన వాన కురిసింది. గండి దగ్గర మాత్రం వరద వచ్చే సూచన కనిపించలేదు. ఒక్కసారిగా నీరు గోడలాగా వచ్చి, లోపల వున్న పదకొండుమంది యాత్రికులను పొట్టన పెట్టుకున్నది. పెన్నమీద ఆ ప్రాంతంలోనే గండికోట, మైలవరం జలాశయాలు కూడా వున్నాయి. నీటిమట్టం మన ఇష్టం మీద వుండదు.

ముందుచూపు ఎంత అవసరమో ఇంకొక కథ చెబుతుంది. 1869లో జాన్ వెస్లీ పావెల్ అనే ఆయన, యుద్ధంలో ఒక చెయ్యి పోయినవాడు, నాలుగు పడవల్లో మొత్తం పదిమందితో కొలరాడో గండిని శోధించడానికి బయలుదేరాడు. ఆహారాన్ని ఒకే పడవలో పెట్టకుండా పంచి పెట్టారు. కొద్దివారాలలోనే ఒక పడవ బండలకు కొట్టుకుని ముక్కలైంది. అయినా తిండి మిగిలింది కనుక ప్రయాణం సాగింది. మూడునెలలకు ఆరుగురు గండి దాటి బయటపడ్డారు. మీరు కూడా నీళ్ళూ, మందులూ, డబ్బూ ఒకే సంచిలో పెట్టకండి!

కోట కథ

గండి అంచున వున్న కోటను కూడా తీరికగా చూడండి. ఒకవైపు గండే అగడ్త అయితే, శత్రువుకు ఎక్కే దారి ఏది? అందుకే విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీనిని తమ బలంగా చేసుకున్నారు. 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చి ఆయనను కలుసుకున్నాడు. మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి వున్నాయి. ఆ గోడలమీద కొందరు తమ పేర్లు చెక్కి పోతూ వుంటారు. శిల్పి పేరు చెక్కుకోలేదు. మనకెందుకు?

గండికోట రాయి ఒకప్పుడు ఇసుక. వందకోట్ల ఏళ్ళకు పూర్వమే పేరుకుని, గట్టిపడి, కత్తికి కూడా లొంగని రాయి అయింది. దానిని నది మళ్ళీ ఇసుకగా చేసి సముద్రానికి మోస్తున్నది. అక్కడ నిలబడినప్పుడు రెండు నిమిషాలు అందరూ మాట్లాడకుండా కూర్చోండి. తరువాత, చూచినదానిని నోటుపుస్తకంలో మీ మాటల్లో వ్రాయండి, బొమ్మ వేయండి. తిరిగివచ్చాక రాలేకపోయినవారికి చదివి వినిపించండి.

ప్రయాణానికి ఇంకా రోజులుంటే, ఈలోగా ఒక పని చేయండి. పెరట్లో తడి ఇసుకను గుట్టగా పోసి, పైనుంచి చెంబుతో సన్నని ధార వదలండి. ఇసుకలో గండి పడుతుంది. ఏవైపు లోతుగా కోసిందో, కొట్టుకుపోయిన ఇసుక ఎక్కడ పేరుకున్నదో గమనించండి. పెన్నానది చేసిన పనే మీ పెరట్లో మీకు కనిపిస్తుంది.