సముద్రానికి విశ్రాంతి: ఆక్టోపస్ చెప్పే పాఠం

పంట పొలాన్ని కొంతకాలం బీడు విడిచినట్లే సముద్రానికి కూడ విశ్రాంతి అవసరం. వేటను నిషేధించి గాని, పరిమితం చేసి గాని కాపాడే సముద్ర భాగాన్ని ‘సముద్ర రక్షిత ప్రాంతం’ అంటారు. ఇటువంటి రక్షణ వలన తీరప్రాంతపు ఆక్టోపస్‌కు కలిగే మేలు ఏమి? దానిపై ఆధారపడిన పేదల గతి ఏమి? ఈ రెండు ప్రశ్నలను మడగాస్కర్ ద్వీపపు అనుభవం ఆధారంగా ఇక్కడ పరిశీలించదలచాము.

ముందుగా ఈ జీవి స్వభావం తెలుసుకుందాము. ఆక్టోపస్‌కు ఎముకలు లేవు. ఎనిమిది బాహువులు, మూడు గుండెలు, నీలిరంగు రక్తం ఉన్నవి. పగడపు దిబ్బల రంధ్రాలలో నివసించి, పీతలను, నత్తలను తిని జీవిస్తుంది. దాని ఆయువు బహు స్వల్పం. మడగాస్కర్ తీరంలో ఎక్కువగా దొరికే జాతి సుమారు ఏడాది, ఏడాదిన్నర మాత్రమే బ్రతుకుతుంది. కాని ఆ కొద్దికాలంలోనే అతివేగంగా పెరుగుతుంది. ఆడది జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి, ఆహారం మాని వాటిని కాచి, పిల్లలు బయటపడిన పిమ్మట మరణిస్తుంది. కనుక గుడ్లు పెట్టకముందే దానిని పట్టినచో దాని సంతతి యావత్తు నశించినట్లే.

మడగాస్కర్ నైరుతి తీరంలోని వేజో ప్రజలకు సముద్రమే జీవనాధారం. ఆటు వేళ బయటపడే దిబ్బలపై స్త్రీలు నడచి వెళ్లి, మొనగల కర్రలతో ఆక్టోపస్‌ను పట్టడం అక్కడి పరిపాటి. ఎగుమతి వ్యాపారం పెరిగిన కొలది వేట ఒత్తిడి కూడ పెరిగింది. 2004లో అందవదోక గ్రామస్థులు, బ్లూ వెంచర్స్ అనే సంస్థ తోడ్పాటుతో, నోసీ ఫాసీ వద్ద ఉన్న దిబ్బపై ఆక్టోపస్ వేటను ఏడు నెలలు మానుకున్నారు. 2005లో తిరిగి తెరచినప్పుడు అంతకుముందు కంటే పెద్ద ఆక్టోపస్‌లు లభించినవి. అది చూచి పొరుగు గ్రామాలు కూడ అదే బాట పట్టినవి. 2006లో ఆ గ్రామాలు కలసి ‘వెలొంద్రియాకె’ అనే రక్షిత ప్రాంతాన్ని ఏర్పరచుకున్నవి. ‘సముద్రంతో జీవించడం’ అని దాని అర్థం. అక్కడ నియమాలను అమలు జరిపేది ‘దినా’ అనే ఊరి కట్టుబాటు.

ఇటువంటి 36 మూసివేతల ఫలితాలను విశ్లేషించిన పరిశోధన 2015లో వెలువడినది. తెరచిన మొదటి 30 రోజులలో ఆ స్థలాల మొత్తం దిగుబడి సుమారు 8 రెట్లయినది; అయితే వేటాడిన ఒక్కొక్కరికి దినానికి దొరికినది 87 శాతం మాత్రమే పెరిగింది. తెరచిన స్థలానికి ఎక్కువమంది చేరడమే ఈ తేడాకు ముఖ్య కారణం. మూసిన కాలంలో గ్రామాల రాబడి చెప్పుకోదగినంత తగ్గలేదు. ప్రతి గ్రామం తన వేట ప్రాంతంలో సుమారు ఐదవ వంతు మాత్రమే మూయడం ఇందుకు తోడ్పడింది.

అయితే శాశ్వత నిషేధం వేరు, తాత్కాలిక విరామం వేరు. శాశ్వతంగా మూసినచోట ఆక్టోపస్‌ను తినే పెద్ద చేపలు కూడ వృద్ధి చెందుతాయి. కనుక ఆక్టోపస్ సంఖ్య అదే నిష్పత్తిలో పెరుగునని చెప్పలేము. అట్టి రక్షణ వలన ముఖ్యంగా బాగుపడేది దాని నివాసమైన దిబ్బ. అందుచేత వెలొంద్రియాకెలో రెండు పద్ధతులను పాటిస్తున్నారు.

మన తూర్పు తీరంలో కూడ ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, మరబోట్ల వేటకు నిషేధం ఉన్నది. విరామపు భారం మొదట పడేది దినకూలి వలె ఆ పూట వేటతో బ్రతికే వారిపైననే. ఎచ్చట, ఎంతకాలం మూయవలెనో నిర్ణయించుటలో వారికి పాలు ఉన్నప్పుడే కట్టుబాటు నిలుస్తుందని మా విశ్వాసం. విద్యార్థి మిత్రులు గ్రహించవలసినది ఇదే.