ల్యాప్‌టాప్ కాలుతోందా? ముందు మూత విప్పి చూడండి

మొన్న మే నెలలో మా అన్నయ్య కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "బాబాయ్, ఇది ఇస్త్రీపెట్టె అయిపోయింది. షాపాయన మదర్‌బోర్డు పోయిందన్నాడు, కొత్తది కొనుక్కోమన్నాడు" అంది. ఆన్ చేసి వీడియో పెడితే రెండు నిమిషాల్లో ప్రాసెసర్ 97 డిగ్రీలకు చేరింది. ఫ్యాన్ రొద చూస్తే మిక్సీలా ఉంది. పక్కనున్న సందు దగ్గర అరచెయ్యి పెట్టాను. అంత రొదకు తగ్గ గాలి రావడం లేదు. సగం సంగతి అక్కడే తెలిసిపోయింది.

ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. పల్చటి ల్యాప్‌టాప్ చిప్‌లు సుమారు 15 వాట్లవి, గేమింగ్ వాటిలో 45 వాట్లవి, అంతకు మించినవీ ఉంటాయి. 15 వాట్లంటే ఎంత? పాతకాలం జీరో బల్బు గుర్తుందా? పేరుకే జీరో, అదీ ఇంచుమించు అంతే తినేది. ముట్టుకుంటే చురుక్కుమనేది. ఆ వేడంతా గోరంత చిప్‌లో పుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దాన్ని బయటికి మోసుకుపోయేది చిప్ మీదుగా సాగే రాగి గొట్టం, హీట్ పైప్. చూడ్డానికి గట్టి రాగి కడ్డీలా ఉంటుంది గానీ లోపల బోలు. గాలి తీసేసి, కాస్తంత నీరు పోసి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై చల్లని కొసకు పరిగెడుతుంది. అక్కడ మళ్ళీ నీరై, దీపం వత్తిలో నూనె పాకినట్టు గొట్టం లోపలి గోడ వెంట వెనక్కి వస్తుంది. అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ 1963లో తయారుచేసి చూపిన ఈ గొట్టం అంతరిక్ష నౌకల్లోకీ వెళ్ళింది, మన ఒళ్ళోకీ వచ్చింది. ఇది ఊరికే చెడిపోయే వస్తువు కాదు.

చెడేది దాని రెండు కొసల దగ్గర. ఒక కొస చిప్ మీద ఆనుతుంది. రెండు లోహాలు ఎంత నున్నగా ఉన్నా మధ్యలో కంటికి కనిపించని గాలి సందులుంటాయి. రాగితో పోలిస్తే గాలి వేడిని వేల రెట్లు తక్కువగా మోస్తుంది. అందుకే థర్మల్ పేస్టు పూస్తారు. కొన్నేళ్ళకు అది ఎండి పెళుసెక్కుతుంది. రెండో కొస ఫ్యాన్ ముందున్న సన్నని రేకుల దగ్గర ఉంటుంది. మా అమ్మాయి మెషీన్‌లో తంటా అక్కడే. ఫ్యాన్ విప్పితే రేకుల మీద పాత దిండులోని దూదిలా ఒక పొర. టూత్‌పిక్‌తో లాగితే చాపలా మొత్తం ఊడి వచ్చింది. (గాలి కొట్టి శుభ్రం చేసేవాళ్ళు ఫ్యాన్ రెక్క తిరక్కుండా వేలితో పట్టుకోవాలి. విపరీతంగా తిరిగితే బేరింగు పోతుంది.)

ఇంతకీ చాలా చిప్‌లు 100 డిగ్రీల దరిదాపుల్లో వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. మనమేమో మెషీన్ ముసలిదైందనుకుంటాం. ఎండాకాలం సంగతి మరీ విడ్డూరం. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 80 చూపిన చిప్, రెంటచింతల ఎండకు గది 40కి చేరితే అదే పనికి 95 చూపిస్తుంది. అది రోగం కాదు, ఋతువు.

దుమ్ము, పేస్టు, ఫ్యాన్, ఈ మూడింటికైతే ఆలోచించకుండా రిపేరే చేయించండి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. ఛార్జింగ్ పెట్టకూడదు, గుచ్చకూడదు. మార్చాల్సింది బ్యాటరీనే, ల్యాప్‌టాప్‌ను కాదు. నిజంగా మదర్‌బోర్డే పోతే లెక్క మారుతుంది. గ్రాఫిక్స్ చిప్‌ను వేడిచేసి బతికించామనే రిపేర్లు చాలావరకు మూణ్ణాళ్ళ ముచ్చటే. మెషీన్ వయసూ చూడాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకంటే పాత మెషీన్‌కు బోర్డు వేయించడం నా దృష్టిలో దండగ. ఉత్తరాలు, బ్రౌజింగ్ వరకే అయితే, బోర్డు బాగున్న పాతదాన్ని లినక్స్ వేసుకుని నడపొచ్చు.

షాపులో ఇచ్చేటప్పుడు ఒక్కటి అడగండి: రిపేరుకు ముందు ఎన్ని డిగ్రీలు, తర్వాత ఎన్ని? మా అమ్మాయి ల్యాప్‌టాప్ అదే వీడియోకు ఇప్పుడు 71 చూపిస్తోంది. ఖర్చయింది, విప్పినప్పుడు కొత్తగా పూసిన పేస్టు ట్యూబు ఒక్కటే.