సున్నపురాయి నుండి చార్మినార్ వరకు

చార్మినార్‌ను చూచిన ప్రతివారు దానిని రాతికట్టడమనే అంటారు. ఆ మాటలో సత్యం సగమే ఉన్నది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసిన ఆ కట్టడంలో బరువు మోస్తున్న రాయి గ్రానైటే. కాని ఆ రాళ్లను ఒకదానితో ఒకటి బంధించినది సున్నం. కమానుల అంచులను, పూలను, లతలను, మీనారుల మీది సున్నితమైన పనితనాన్ని తీర్చినదీ సున్నమే. ఆ సున్నానికి తల్లి సున్నపురాయి. గ్రానైటు భూగర్భంలోని ద్రవశిల చల్లారగా పుట్టిన అగ్నిశిల. సున్నపురాయి నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొని పుట్టిన అవక్షేపశిల. జన్మలో ఇంత భేదమున్న రెండు పదార్థాలు ఒకే గోడలో నాలుగు శతాబ్దాలకు పైగా కలిసి నిలిచి ఉన్నవి. ఈ భేదం తెలియక చేసే మరమ్మతు ప్రాచీన కట్టడానికి మేలు చేయకపోగా చేటు తెస్తుంది. కనుక ఈ పదార్థాల పుట్టుకను, కూర్పును, వాటిని పరీక్షించే విధానాన్ని మనం క్రమంగా తెలుసుకొందాం.

అవక్షేపశిలల జననం

ఎండకు, వానకు, గాలికి ఎంతటి కొండయైనా అరిగిపోక తప్పదు. అరిగిన రేణువులను నదులు మోసుకొనిపోయి పల్లపు ప్రాంతాలలోను, సముద్రాలలోను చేరుస్తవి. ఒక పొరపై మరొక పొర పడుతుండగా అడుగు పొరలు ఒత్తిడికి గట్టిపడతవి. రేణువుల నడుమ ప్రవహించే నీటిలోని ఖనిజాలు జిగురువలె వాటిని అంటిస్తవి. ఇట్లు ఇసుక ఇసుకరాయిగా, బంకమట్టి షేలుగా మారుతుంది. రేణువులు గుండ్రంగా ఉంటే అవి చాలా దూరం దొర్లి వచ్చినవని, కోణాలు తేలి ఉంటే వాటి పుట్టినచోటు సమీపంలోనే ఉన్నదని సాధారణంగా ఊహించవచ్చు.

సున్నపురాయి కథ కొంత వేరు. నీటిలో కరిగి ఉన్న సున్నపు పదార్థం, అనగా కాల్షియం కార్బొనేటు, రసాయనిక చర్య వలన గాని జీవుల వలన గాని ఘనరూపం పొంది అడుగున పేరుకొంటుంది. అనేక దేశాలలో సున్నపురాయి నిండా గవ్వలు, శంఖాలు కనబడతవి. మన కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు శిలలలో అటువంటివి కనబడవు. నూరు కోట్ల సంవత్సరాలకు పైబడిన ఆ శిలలు ఏర్పడే నాటికి గవ్వలు గల ప్రాణులే భూమిపై లేవు. వాటికి బదులుగా కంటికి కనిపించనంతటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటాల వంటి ఆకారాలు ఆ రాళ్లలో నేటికీ నిలిచి ఉన్నవి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు.

మన నేలలోని సున్నపురాళ్లు

కడప, కర్నూలు ప్రాంతాల శిలలను గూర్చి భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో విపులమైన గ్రంథం ప్రకటించాడు. ఈ శిలాశ్రేణి పల్నాడు వరకు వ్యాపించి ఉన్నది. పశ్చిమాన భీమానది ప్రాంతంలో వేరొక శ్రేణి కలదు. షాబాదు, తాండూరు రాళ్లు దానికి చెందినవే. మన ఇండ్లలో పరచిన షాబాదు బండలు, తాండూరు నాపరాళ్లు, బేతంచర్ల రాళ్లు, వంటింటిలోని నల్లని కడప బండ, ఇవన్నీ సున్నపురాళ్లే. పొరలు పొరలుగా ఏర్పడినందుననే నాపరాళ్లు అంత సమంగా పలకలుగా విడివడుతున్నవి.

పేరు కలిగించిన భ్రమ

అమరావతి శిల్పాల చరిత్ర ఈ సందర్భంలో గమనింపదగినది. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్తూపాన్ని దర్శించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ అక్కడ త్రవ్వకాలు జరిపించాడు. ఆ శిల్పఫలకాలలో అనేకం మద్రాసుకు, అక్కడి నుండి కొన్ని లండనుకు చేరినవి. ఆంగ్లేయులు వాటిని చలువరాతి శిల్పాలని వ్యవహరించారు. ఆ పేరు చాలాకాలం నిలిచిపోయింది. నిజానికి అవి పల్నాటి సున్నపురాతిలో చెక్కినవి. సున్నపురాయి భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై మారినప్పుడు ఏర్పడే రూపాంతరశిలయే చలువరాయి.

ఈ రెంటిని వేరుచేయడమెట్లు? సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే రెండూ నురగలు క్రక్కుతవి. రెంటిలోను ముఖ్యపదార్థం కాల్షియం కార్బొనేటే కదా! కనుక ఆమ్లపరీక్ష ఇక్కడ చాలదు. రాతిని మిల్లీమీటరులో సుమారు నూటికి మూడు వంతుల మందానికి, అనగా వెలుతురు దూరిపోయేంత పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శినితో చూడవలసి ఉంటుంది. చలువరాతిలో స్ఫటికాలు పెద్దవై ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి కనబడతవి. పల్నాటి రాయి వంటి సున్నపురాతిలో రేణువులు మిక్కిలి సన్నగా ఉంటవి. ఈ పద్ధతిని శిలాశాస్త్రంలో ప్రవేశపెట్టిన వారిలో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అగ్రగణ్యుడు. 1851లో అతడు ప్రకటించిన పరిశీలన ఇంగ్లండులోని ఒక అవక్షేపశిలను గురించినదే. రాతిలోని ఖనిజాలను నిర్ధారించడానికి నేడు ఎక్స్-కిరణాల పరీక్ష కూడా తోడ్పడుతున్నది.

రాయి సున్నమై, సున్నం రాయియై

సున్నపురాతిని బట్టీలో పెట్టి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోతుంది. నూరు గ్రాముల శుద్ధమైన సున్నపురాయి నుండి 44 గ్రాముల వాయువు పోగా 56 గ్రాముల కాల్చిన సున్నం మిగులుతుంది. దానికి నీరు పోస్తే సలసల కాగి విరిసి మెత్తబడుతుంది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి గోడకు పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. అనగా మేస్త్రీ గోడపై తీర్చిన పువ్వు కొంతకాలానికి మరల సున్నపురాయియే అవుతుంది. ప్రకృతి యుగాలు పట్టి చేసిన పనిని మానవుడు తన చేతిలో మరల జరిపించుకొంటున్నాడు.

మన పెద్దలు ఇసుక, సున్నం కలిపి ఎద్దులు త్రిప్పే గానుగలో నూరి డంగుసున్నం తయారుచేసేవారు. దానిలో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం, మారేడుపండు గుజ్జు వంటివి చేర్చడం కూడా వాడుకలో ఉండేది. తెలుగులోని సున్నం, ఉర్దూలోని చూనా రెండూ సంస్కృత చూర్ణ శబ్దం నుండి వచ్చినవే. గచ్చు అనే మాట పారసీక భాషలోని గచ్ నుండి మనకు వచ్చినది. భాషలు కలిసిన చోటనే మేస్త్రీల విద్యలూ కలిసినవని ఈ మాటలే సాక్ష్యమిస్తున్నవి.

పాత సున్నాన్ని పరీక్షించడం

ఊడిపడిన పాత గచ్చు ముక్కను తూచి సజల ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను కడిగి, ఆరబెట్టి, తిరిగి తూస్తే రెండింటి పాళ్లు దాదాపుగా తెలుస్తవి. ఇసుకను జల్లెడ పట్టి దాని రంగును, రేణువుల ఆకారాన్ని చూస్తే అది ఏటి ఇసుకయో, రాతిపొడియో గ్రహించవచ్చు. అయితే ఇసుకలోనే సున్నపురాతి రేణువులుంటే అవి కూడా కరిగిపోయి లెక్క తప్పుతుంది. అందువలన ఈ పరీక్షకు సూక్ష్మదర్శిని పరిశీలన తోడుగా ఉండవలెను.

సిమెంటుతో వచ్చే చేటు

ఇంత పరీక్ష ఎందుకని కొందరడుగవచ్చు. సిమెంటు సున్నం కంటె గట్టిది కదా, అదే పూస్తే సరిపోదా అనవచ్చు. ఆ గట్టిదనమే ఇక్కడ దోషం. సున్నపు గోడ గాలి పీలుస్తుంది; వానకాలంలో లోనికి చేరిన తేమ దాని సన్నని రంధ్రాల గుండా ఆరిపోతుంది. పైన సిమెంటు పూత పడితే ఆ దారి మూసుకొనిపోతుంది. లోపల నిలిచిన తేమలో కరిగిన లవణాలు స్ఫటికాలుగా మారి ఉబ్బి పాత సున్నాన్ని పొడిపొడిగా రాల్చివేస్తవి. సిమెంటులో ఉండే కరిగే లవణాలు కూడా దీనికి తోడవుతవి. పైపూత బాగున్నట్లే కనబడుతుంది. లోపలి గోడ క్షీణిస్తుంది. దీనికి తోడు వాహనాల, కర్మాగారాల పొగలోని గంధకపు వాయువులు సున్నపు ఉపరితలాన్ని జిప్సంగా మార్చి నల్లని పెచ్చులు కట్టిస్తవి.

2019 మే నెలలో చార్మినార్ మీనారు ఒకదాని నుండి గచ్చు అలంకరణలో కొంత భాగం ఊడిపడినప్పుడు నగరమంతా కలత చెందింది. గోలకొండ సమీపంలోని కుతుబ్ షాహీ సమాధుల వద్ద 2013లో ప్రారంభమైన పరిరక్షణ కార్యక్రమంలో, పూర్వం పూసిన సిమెంటును తొలగించి తిరిగి సున్నపు గచ్చు వేశారు. పాత పదార్థం తెలిసినప్పుడే పాత కట్టడం బ్రతుకుతుందని ఆ పని నిరూపించింది.

మన కర్తవ్యం

ప్రసిద్ధ కట్టడాలను కాపాడడానికి ప్రభుత్వ శాఖలున్నవి. కాని మన ఊళ్లలోని పాత మసీదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, దేవాలయాలు, మెట్లబావులు ఎక్కువగా స్థానిక సంఘాల చేతిలోనే ఉన్నవి. ఆ పెద్దలు భక్తితోనే చందాలు పోగుచేస్తారు, భక్తితోనే సిమెంటు పూయిస్తారు. అక్కడ లోపించినది శ్రద్ధ కాదు, పదార్థజ్ఞానం. నేడు ఈ కళాశాలలో చదువుతున్న విద్యార్థులే రేపు ఆ సంఘాలలో సభ్యులవుతారు. రసాయనశాలలో నేర్చిన ఆమ్లపరీక్ష ఆనాడు ఒక గోడను నిలబెట్టవచ్చు. మన కళాశాల పాలకవర్గం వారు ఈ ప్రాంతపు శిలల నమూనాలను, డంగుసున్నపు నమూనాలను సేకరించి ప్రయోగశాలలో ఒక బీరువా నింపితే ఈ విద్యకు మంచి నాంది కాగలదు. పూర్వులు మనకిచ్చిన గోడ ఏ పదార్థంతో నిర్మితమైనదో తెలుసుకొనడమే దానిని గౌరవించడంలో మొదటి మెట్టు.