చర్మపు జిడ్డులో వ్యాధి జాడ

ఇంటిలో పెద్దవారికి చేయి వణకుచున్నచో "వయసు మీద పడినది, ఏమి చేయగలము?" అని సరిపెట్టుకొనుట మన పల్లెలలో పరిపాటి. కాని ప్రతి వణకును ముసలితనము వలన వచ్చినదే యని తలచరాదు. అది పార్కిన్సన్ వ్యాధి కావచ్చును. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను ఇంగ్లీషు వైద్యుడు దీనిని వివరించి వ్రాయుటచే ఆ పేరు వచ్చినది. మెదడులో డోపమీన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్రమక్రమముగా నశించుట ఈ వ్యాధి లక్షణము.

ఇందు గల చిక్కు ఏమనగా, వణకు పైకి కనబడునాటికే ఆ కణములలో చాలా భాగము నశించి యుండును. మలేరియాకు రక్తపరీక్ష ఉన్నట్లు, సాధారణ ఆసుపత్రులలో దీనిని తేలికగా తేల్చు పరీక్ష లేదు. వైద్యుడు రోగి నడకను, చేతుల కదలికను పరిశీలించియే నిర్ణయింపవలసి యున్నది.

ఈ చిక్కు విడుటకు ఒక దారిని స్కాట్లండు దేశమునందలి పెర్త్ పట్టణవాసి, నర్సుగా పనిచేసిన శ్రీమతి జాయ్ మిల్న్ చూపెను. తన భర్త శరీరమునుండి ఏదో కొత్త వాసన వచ్చుచున్నదని ఆమె గమనించెను. సరిగా స్నానము చేయుట లేదని ఆయనను మందలించెను కూడ. సుమారు 12 సంవత్సరముల పిదప, 45వ ఏట, ఆయనకు పార్కిన్సన్ వ్యాధి యని తేలినది. తరువాత ఒకనాడు అదే వ్యాధిగ్రస్తుల సమావేశమునకు వెళ్ళగా, అక్కడి వారందరి వద్ద ఆ వాసనయే ఆమెకు తగిలినది.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆమెను పరీక్షింపదలచిరి. ఆరుగురు రోగులు, ఆరుగురు ఆరోగ్యవంతులు ధరించిన 12 చొక్కాలను ఆమె ముందుంచిరి. రోగుల చొక్కాలు ఆరింటిని ఆమె తప్పక గుర్తించెను. ఆరోగ్యవంతుని చొక్కా ఒకదానిని కూడ రోగిదేయని చెప్పెను. అది పొరపాటని అందరును తలచిరి. ఎనిమిది నెలలకు ఆ వ్యక్తికిని అదే వ్యాధి యున్నట్లు తేలినది!

వాసన చంకల చెమటలో నుండునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. అది మెడ వెనుక, వీపు పైభాగమున తగులు బట్టలో కనబడెను. రోమకూపముల చెంత గల గ్రంథులు స్రవించు జిడ్డు అచ్చట అధికము. దీనికి సెబమ్ అని పేరు. అరచేతులలో, అరికాళ్ళలో తప్ప తక్కిన శరీరమంతట ఈ గ్రంథులు గలవు. పొగ వాసనను బట్టి పొయ్యిలో ఏ కట్టె కాలుచున్నదో మన గృహిణులు చెప్పగలరు గదా! అట్లే శరీరములోని రసాయనిక వ్యాపారములు మారినచో, ఆ మార్పు జిడ్డులోని కొవ్వుల పాళ్ళలో కనబడవచ్చును.

మాంచెస్టరు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు పెర్డిటా బారన్ బృందము వారు 2019లో ఈ వాసనకు సంబంధించిన కొన్ని పదార్థములను గుర్తించిరి. 2022లో 79 మంది రోగుల జిడ్డును, 71 మంది ఆరోగ్యవంతుల జిడ్డును పోల్చి చూచిరి. విధానము సులభము: వీపుపై దూదిపుల్లతో తుడిచి, ఆ జిడ్డును కాగితమునకు అంటింతురు, అణువుల బరువు తూచు మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము దానిని నిమిషములలో విశ్లేషించును. సూది గ్రుచ్చుట లేదు, రక్తము తీయుట లేదు. 2021లో సర్రే విశ్వవిద్యాలయము వారు 67 మంది ఆసుపత్రి రోగులను పరీక్షించి, కోవిడ్ సోకినవారి జిడ్డులోను కొవ్వుల పాళ్ళు మారినట్లు కనుగొనిరి.

అయినను ఈ పరీక్ష ఇంకను పరిశోధన దశలోనే యున్నది. జిడ్డు చూచి రోగము చెప్పెదమని ఎవరైన సొమ్ము అడిగినచో నమ్మరాదు. ఇంటివారు వాసన చూచి నిర్ణయించుకొనుటయు తగదు.

పాఠకులు చేయవలసినది వేరు. విశ్రాంతిగా కూర్చున్నపుడు ఒక ప్రక్క చేయి వణకుట, నడక మందగించుట, వ్రాత సన్నబడుట, వాసన తెలియకపోవుట, విడువని మలబద్ధకము — వీనిలో కొన్ని కలిసి కనబడినచో పెద్దవారిని వెంటనే ప్రభుత్వ వైద్యుని వద్దకు కొనిపోవలయును. వ్యాధిని నిర్మూలించు మందు లేకున్నను, కదలికను చక్కబరచు మందులు గలవు. తగిన చికిత్స లభించినచో, తన అన్నము తన చేతితో తినగల భాగ్యము ఆ పెద్దలకు మరికొన్నేండ్లు నిలువగలదు.