పుట్టిల్లు తెలియని మొక్క... పెరట్లో పెట్టేదెలా?

కడియం నర్సరీల్లో వింత మొక్కలకు గిరాకీ
గుణం అడగకుండా కొని అగచాట్లు పడుతున్న జనం

కడియం: రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వెళ్లే బస్సు వేమగిరి దాటితే చాలు, కిటికీ పక్కన కూర్చున్న వారి తలలు అటూ ఇటూ తిరుగుతాయి. రోడ్డుకు రెండు వైపులా మొక్కలే! నల్లని కవర్లలో మొక్కలు, సిమెంటు తొట్లలో మొక్కలు, పందిళ్ల కింద నీడలో మొక్కలు. చాలామంది ప్రయాణం మధ్యలో దిగిపోయి, ఓ గంట తిరిగి, చేతిలో రెండు మొక్కలతో మళ్లీ బస్సెక్కుతారు.

మల్లె, మందారం, గులాబీ కోసం వచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు వారితోపాటు మరో రకం కొనుగోలుదారులు వస్తున్నారు. పక్కింట్లో లేని మొక్క కావాలి, ఇంతవరకు ఎవరూ చూడని పువ్వు కావాలి అని వీరు వరుసల వెంట వెతుక్కుంటారు. నచ్చిన మొక్క కనబడగానే వీరు అడిగేవి రెండే ప్రశ్నలు. 'దీని పేరేమిటండీ?', 'ఎంతకిస్తారు?' మూడో ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ మొక్క ఎక్కడిది, దాని అలవాట్లేమిటి అన్నది ఆ మూడో ప్రశ్న. కోడలిని తెచ్చుకునేటప్పుడు పుట్టింటి సంగతులు నాలుగు వాకబు చేస్తాం. ఏళ్ల తరబడి పెరట్లో ఉండే మొక్క విషయంలో ఆ మాత్రం వాకబు లేకపోవడం విచిత్రమే!

లంక మట్టి చలవ

కడియం మండలంలోని కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, వీరవరం తదితర గ్రామాలకు గోదావరి ఒండ్రు మట్టి పెట్టని సొమ్ము. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారడంతో డెల్టాలో సాగు నిలదొక్కుకుంది. ఈ ఊళ్లు మొదట పూలతోటలకు పేరుపడ్డాయి. కడియపులంక పూల మార్కెట్టు నేటికీ తెల్లవారకముందే కళకళలాడుతుంది. పూలతోటల వెంటే మొక్కల పెంపకం వచ్చింది. పల్ల వెంకన్న వంటి వారి కృషితో కడియం మొక్కలు ఇతర రాష్ట్రాలకూ లారీలెక్కాయి.

మట్టి జల్లించడం, కవర్లు నింపడం, కలుపు తీయడం, నీరు పెట్టడం, అంటు కట్టడం, లారీకెత్తడం... మొక్క అమ్ముడయ్యేలోగా ఎన్నో చేతులు మారుతుంది. ఈ పనుల్లో ఆడవారి పాత్ర ఎక్కువ. చుట్టుపక్కల గ్రామాల్లో ఎన్నో కుటుంబాలకు ఇదే కూడు పెడుతోంది.

ఇంతమంది ఒకే పని చేసేటప్పుడు పోటీ తప్పదు. అందరి దగ్గరా ఉన్న మొక్కకు ధర పలకదు. కనుక పక్క నర్సరీలో లేని రకం తెచ్చిన రైతుకే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఆ లాభమైనా కలకాలం ఉండదు. కొమ్మ నాటినా, అంటు కట్టినా బతికే మొక్క రెండు మూడేళ్లు తిరిగేసరికి ఊరంతా పాకుతుంది. దాంతో మళ్లీ కొత్త రకం కోసం వేట మొదలు. వింత మొక్కల వ్యాపారం వెనుక ఉన్న కథ ఇదే.

పువ్వని మురిస్తే పువ్వు కాదు

ముస్సెండానే చూడండి. గులాబి రంగులో, తెలుపులో గుత్తులు గుత్తులుగా మెత్తని గుడ్డ ముక్కలు వేలాడగట్టినట్టు ఉంటుందీ పొద. అంతా పువ్వే అనుకుంటారు. నిజానికి అవి పూరేకులు కావు, పెరిగి పెద్దవైన రక్షకపత్రాలు. అసలు పువ్వు మధ్యలో చిన్న నక్షత్రంలా ఉంటుంది. దక్షిణ భారతపు అడవుల్లోనూ ముస్సెండా జాతి ఉంది. అడవి రకంలో పువ్వుకు ఒక్క రక్షకపత్రమే పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లో మకిలింగ్ కొండ వద్ద 1915లో అయిదు పత్రాలూ తెల్లగా పెరిగిన మొక్క ఒకటి దొరికింది. ఆ దేశాధ్యక్షుడు క్వెజాన్ భార్య పేరిట దానికి డోన్యా అరోరా అని పేరు పెట్టారు. గులాబి రంగు సంకర రకాలు ఆ తర్వాత వచ్చినవే.

దీనిని ఎక్కువగా గాలి అంటుతో పెంచుతారు. కొమ్మకు ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కడతారు. వేళ్లు దిగాక కొమ్మ కోసి కవరులో నాటుతారు. ఎండ తగిలితేనే బాగా రంగు తేలుతుంది. నీడలో పెట్టుకుని 'పూయడం లేదు' అని నర్సరీ వారిని నిందించి ప్రయోజనం లేదు.

మూడు రోజుల ముచ్చట

బ్రన్‌ఫెల్సియాకు మార్కెట్లో 'నిన్న-నేడు-రేపు' అని పేరు. విచ్చిన రోజు ఊదా రంగు, మర్నాడు లేత ఊదా, ఆపై తెలుపు. ఒకే పొదపై మూడు రంగులూ ఒకేసారి కనబడతాయి. పుట్టిల్లు బ్రెజిల్. మధ్యాహ్నపు మండుటెండ దీనికి పడదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ఆకులు పసుపెక్కుతాయి. ఇంట్లో కుక్క ఉన్నవారు మరో సంగతి తెలుసుకోవాలి. ఈ మొక్క కాయలు, గింజలు కుక్కలకు విషం. ఈ ముక్క చెప్పకుండా మొక్క చేతిలో పెడితే ముచ్చట కాస్తా ముప్పవుతుంది.

పొట్ట పెంచుకున్న ఎడారి మొక్క

కుండలా ఉబ్బిన మొదలు, పైన గులాబి పూలు... అడీనియం తొట్టి లేని మేడ ఇప్పుడు అరుదు. ఏడెన్ రేవు పేరు మీదుగానే దీనికి ఆ పేరు వచ్చింది. అరేబియా, తూర్పు ఆఫ్రికా మెట్ట నేలలు దీని పుట్టిల్లు. వానలు లేని కాలానికి నీటిని మొదట్లో దాచుకుంటుంది. విత్తనంతో వచ్చిన మొక్కకే ఆ పొట్ట అందంగా పెరుగుతుంది. అందుకే గింజ మొక్కపై కావలసిన రంగు కొమ్మను అంటుకడతారు. గోదావరి జిల్లాల వానల్లో దీనికి చావు నీటితోనే! శ్రావణ మాసంలో ఆకాశం కురుస్తుంటే, ఇంటివారు ప్రేమకొద్దీ మరో చెంబు పోస్తారు. నాలుగు రోజుల్లో మొదలు మెత్తబడి కుళ్లిపోతుంది. కోస్తే కారే పాలు విషం. ఆఫ్రికాలో బాణాల మొనలకు ఆ పాలే పూసేవారు. పసిపిల్లల చేతికి అందనీయరాదు.

తడి, నీడ కోరే హెలికోనియా తీరు వేరు. అరటి ఆకుల వంటి ఆకుల మధ్య నుంచి ఎరుపు, పసుపు దొప్పలు వరుసగా దిగుతాయి. ఒకసారి పూసిన కాండం ఎండిపోతుంది. మొక్క చచ్చిందని పీకేస్తే పొరపాటే. నేలలోని దుంప నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి. కొబ్బరి చెట్ల మధ్య పలుచటి నీడలో చక్కగా పెరుగుతుంది. తోట ఉన్న రైతుకు పూలు అమ్ముకునే వీలూ ఉంది. అడీనియానికి చావైన తడి, హెలికోనియాకు ప్రాణం. పుట్టిల్లు తెలుసుకోవడమంటే ఇదే.

అందం చూసి తెచ్చుకుంటే...

తొట్టిలో మొక్క చస్తే పోయేది వంద, రెండు వందలు. మొక్క బతికి ఊరిమీద పడితేనో? అందుకు ఉదాహరణలు కళ్లముందే ఉన్నాయి.

పిల్లలు తలంబ్రాల పూలని ఏరుకునే లాంటానా కంప మన దేశపుది కాదు. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందమైన పొదగా అమెరికా ఖండం నుంచి తెచ్చారు. పిట్టలు పండ్లు తిని గింజలను అడవులకు చేర్చాయి. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా విస్తీర్ణంలో లాంటానా ఉన్నట్టు 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ ఆకు మేసిన పశువుల కాలేయం దెబ్బతింటుంది.

గుర్రపుడెక్క సంగతి డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ నీటి మొక్కను పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఊదా పూల అందం చూసే బెంగాల్‌కు తెచ్చారు. నేడు కాలువల్లో నీరు కదలనీయకుండా పేరుకునేది అదే.

తాజా ఉదాహరణ కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు అని రోడ్ల పక్కన విరివిగా నాటారు. పుప్పొడితో శ్వాస ఇబ్బందులు, వేళ్లతో పైపులకు, కట్టడాలకు నష్టం అన్న ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దీనిని నిషేధించాయి. ఇటువంటి ఉత్తర్వు వస్తే దెబ్బ తగిలేది మొదట నర్సరీ రైతుకే. నీరు పోసి, ఎరువు వేసి, కూలి ఇచ్చి పెంచిన మొక్క రాత్రికి రాత్రి కొనేవారు లేని సరుకవుతుంది.

మొక్కతోపాటు పురుగు

మరో ముప్పు కంటికి కనిపించకుండా ఆకు అడుగున దాక్కుంటుంది. మధ్య అమెరికాకు చెందిన రుగోస్ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదటిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో కనబడింది. గోదావరి జిల్లాల కొబ్బరికీ పాకింది. ఆకులపై జిగురు కారి, దానిపై నల్లని మసి తెగులు కమ్ముతుంది. కొబ్బరి ఒక్కటే కాదు, అరటి, జామ, అలంకరణ మొక్కలూ దానికి ఆహారమే. దీనిని అదుపు చేసే మిత్ర కీటకాలు, మిత్ర శిలీంధ్రాలపై అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు కృషి చేశారు.

విదేశీ మొక్క తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సంచిలో దాచి తెచ్చే ఒక్క కొమ్మ ఈ నిబంధనను దాటితే, దాని ఫలితం మొత్తం డెల్టా కొబ్బరి రైతు అనుభవించవలసి వస్తుంది.

ఇంట్లో వింత కంటికి ఆనదు

పరాయి దేశపు మొక్కలకు ఇంత మోజు ఉండగా, మన నేల మొక్కలు మూల వరుసలో ఉండిపోతున్నాయి. నూరువరహాల గుత్తికి ఏ విదేశీ పొద సాటి వస్తుంది? ఫలసంపెంగ పువ్వు ఆకుపచ్చగా విచ్చి, పసుపు పచ్చగా మారేసరికి పండిన పండు వాసన వేస్తుంది. మనసులో ఏ పండు తలచుకుంటే ఆ వాసన వస్తుందని పెద్దలు చమత్కరిస్తారు. కనకాంబరం మన దక్షిణాది మొక్కే. ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు కనుక కొమ్మలతోనే పెంచుతారు.

అన్నిటికన్నా పెద్ద వింత శేషాచలం కొండల్లోని పెరిత. ఇది సైకస్ జాతి మొక్క. డైనోసార్ల కాలం నాటి వంశం. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. మందుల కోసం మగ మొక్కల శంకువులు కోయడం, కార్చిచ్చు దీనికి శత్రువులయ్యాయి. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో దీని పేరుంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పెరితను కొండ నుంచి తవ్వి తేవడం తగదు. కానీ మన ఇళ్ల ముందు దర్జాగా నిలబడ్డ సైకస్ జపాన్‌దని, దాని తోబుట్టువు తిరుమల దారిలోని కొండల్లోనే ఉసూరుమంటోందని ఎంతమందికి తెలుసు?

చీటీ ఒక్కటి చాలు

వింత మొక్కలు అమ్మవద్దని ఎవరూ అనరు. కడియం రైతు బతుకు వాటిమీదే ఉంది. చేయవలసింది చిన్న పని. ప్రతి కవరుకూ ఒక చీటీ కట్టాలి. శాస్త్రీయ నామం, పుట్టిన దేశం, ఎండా నీడా, నీరెంత, విషం ఉందా, గింజలతో పాకే గుణముందా... ఈ ఆరు ముక్కలు తెలుగులో ఉంటే చాలు. ఉద్యాన శాఖ ఈ వివరాలను అచ్చు వేసి గ్రామాలకు అందిస్తే చిన్న రైతుకూ భారం కాదు. అడవి మొక్కను తవ్వి తేకుండా, అనుమతి ఉన్న విత్తనంతో దేశీ పొదలను పెంచేలా శిక్షణ ఇస్తే, పక్క నర్సరీలో లేని మొక్క కోసం రైతు విదేశాల వంక చూడనక్కరలేదు.

కొనేవారి వంతు కూడా ఉంది. ఈసారి కడియపులంకలో బస్సు దిగినప్పుడు పేరు, ధర అడిగాక మరో మాట అడగండి. 'ఏవండీ, దీని పుట్టిల్లు ఎక్కడ?' జవాబు చెప్పగలిగిన నర్సరీలోనే మొక్క కొనండి.