దంతంలో అరమోడ్పు కన్నులు

పాత గోవాలో సెయింట్ మోనికా సన్యాసినుల మఠం 1627లో పూర్తయింది. ఆ మఠానికి చెందిన చర్చిలోనే 2002 నుంచి క్రైస్తవ కళా ప్రదర్శనశాల కొలువై ఉంది. 1994లో రాషోల్ గురువిద్యాలయంలో ఆరంభమై ఇక్కడికి తరలివచ్చిన ఈ సంపదలో వెండి పూజాపాత్రలు, జరీ వస్త్రాలు, దారుశిల్పాలు, దంతపు ప్రతిమలు ఉన్నాయి. వీటిని మలచిన చేతులు ఎవరివి?

1540లో గోవా ద్వీపంలోని ఆలయాలు నేలమట్టమయ్యాయి. 1560లో కుశస్థలి మంగేశుని లింగాన్ని భక్తులు నది దాటించి ప్రియోళకు చేర్చారు. గుడులు పోయినా ఉలులు ఆగలేదు. కొత్త చర్చిలకు ప్రతిమలు కావాలి. చెక్కనేర్చినవారిలో హిందూ శిల్పులెందరో. అన్యమతస్థుల చేత పవిత్ర వస్తువులు చేయించరాదని 1567లో గోవా మతాచార్యుల సభ శాసించింది. శాసించవలసి వచ్చిందంటేనే ఆ పని ఎంత విరివిగా సాగిందో ఊహించవచ్చు. ఆ తరువాతా సాగింది.

గోవా దంతకారులు 17వ శతాబ్దంలో మలచిన 'మంచి కాపరి'ని చూడండి. గుట్టపై కూర్చున్న బాలయేసు. భుజాన గొర్రెపిల్ల, ఒడిలో మరొకటి. చెక్కిలికి చేయి ఆనించి, కన్నులు అరమోడ్చి ఉంటాడు. దిగువన నీటి ఊట, చుట్టూ మంద. ఆ కన్నులలో కొందరు పండితులకు ధ్యానబుద్ధుడు, మరికొందరికి గోపబాలుడు స్ఫురించారు. మన కంటికైతే ఇద్దరూ కనిపిస్తారు. గోవా చర్చిలలో ప్రవచన వేదికలను మోస్తున్న నాగినులు సరేసరి; వారిని వేరే పరిచయం చేయనక్కరలేదు.

ఇలాంటి ప్రతిమలపై శిల్పి పేరు సాధారణంగా ఉండదు.