రోగం లేకున్నా మందు అమ్మకం!

కోకాపేట: 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో ఇక్కడ ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. భూమి కొనేవారు లింకు దస్తావేజులు వకీలుకు చూపించనిదే బయానా ఇవ్వరు. కంప్యూటరులోకి ప్రోగ్రాము దిగేటప్పుడు మాత్రం ఒక్క ముక్క చదవకుండా ‘సరే’ నొక్కేస్తారు. ముప్పు అక్కడే ఉంది.

ఉచితమని ఒకటి దించుకుంటే, దాని వెంట అడగనివి రెండు మూడు వచ్చి చేరుతుంటాయి. గడుల్లో ముందే టిక్కు పెట్టి ఉంచడం అందులో కిటుకు. ‘సరే’ అన్నది మనమే కనుక వీటిని వైరస్ అనరు, అక్కరలేని ప్రోగ్రాములంటారు. ఇవి యంత్రాన్ని నెమ్మది చేస్తాయి. కొన్నయితే ‘వందల దోషాలున్నాయి, డబ్బు కడితే బాగుచేస్తాం’ అని బెదిరిస్తాయి.

పేరున్న సంస్థలపైనా ఈ ఆరోపణలు వచ్చాయి. అమెరికాలోని ఆఫీస్ డిపో దుకాణాల్లో కంప్యూటర్లకు ఉచిత పరీక్ష చేసేవారు. ‘నెమ్మదిగా నడుస్తోందా?’ వంటి నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి టిక్కు పెట్టినా రోగం ఉన్నట్టే చూపేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థ, ప్రోగ్రాము ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. వైరస్‌లను పట్టే అవాస్ట్ సంస్థ, వాడకందారులు ఏయే పేజీలు చూశారో ఆ వివరాలు అమ్ముకుందన్న ఆరోపణపై 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

మందు అమ్మేవాడే రోగం ఉందంటే వెంటనే నమ్మరాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం శుభ్రపరిచే ప్రోగ్రాములను ఉచితంగా ఇస్తోంది. మోసపోయి డబ్బు కట్టినవారు ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.